సవరణ: ఓపెన్ ఇయర్ బడ్స్, వాల్యూమ్ సంగతి

ఓపెన్ ఇయర్ బడ్స్ చెవి రంధ్రాన్ని మూయవు కాబట్టి వాల్యూమ్ ఎంత పెట్టుకున్నా వినికిడికి ఢోకా లేదని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు.

వినికిడి దెబ్బతినేది లోపలి చెవిలో, కాక్లియాలో ఉండే సున్నితమైన కణాల దగ్గర. శబ్దం చెవి బయటున్న చిన్న స్పీకర్ నుంచి గాల్లో వచ్చినా, బోన్ కండక్షన్ రకంలో ఎముక ద్వారా వచ్చినా చివరికి చేరేది అక్కడికే. ఆ కణాలు పోతే మళ్లీ పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినొచ్చు. 90 అయితే 4 గంటలే.

పైగా వీటిలో బయటి రొద ఆగదు. సిటీ బస్సులోనో, హారన్ల మధ్య నడుస్తూనో పాట సరిగా వినపడక వాల్యూమ్ పెంచేస్తాం (నేనూ అంతే). అసలు చిక్కు అదే. అలాంటి చోట పాట ఆపేయడం మేలు. బస్సులో కూర్చుని ఉంటే, బయటి శబ్దాన్ని అడ్డుకునే మామూలు ఇయర్‌ఫోన్స్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టుకోవచ్చు.

చెవిలో చెమట, దురద తక్కువని, వంటింట్లో కుక్కర్ విజిల్ వినపడుతుందని రాసినవాటిలో మార్పు లేదు. పాత పోస్టులో వాల్యూమ్ వాక్యం ఒక్కటే తీసేశాను.