మిగిలిపోయిన బోల్టు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మిగులు బోల్టు గారి సముఖమునకు,

పాత మారుతి 800ల మీద చేతులు కాల్చుకునే కుర్రకారు క్షేమం కోరేవాళ్లం నమస్కరించి వ్రాయునది. తమరు గచ్చు మీద కులాసాగానే ఉన్నారు. తమరు లేని ఇంజిన్ సంగతే ఏమీ బాగాలేదు.

శనివారం రాత్రి బానెట్ ఎత్తిన ప్రతి ఇంటా ఆదివారం తెల్లారేసరికి తమరు వెలుస్తారు. విప్పినవన్నీ బిగించి, పానాలు సంచిలో వేసి, చేతుల గ్రీజు సర్ఫ్‌తో రుద్దుకున్నాక గానీ దర్శనమివ్వరు. నలుగురూ చుట్టూ చేరి తమరి వంక చూస్తారు. ఎవడో ఒకడు అననే అంటాడు: "కంపెనీవాడు ఎక్స్‌ట్రా ఇచ్చుంటాడ్రా!" బేస్ మోడల్‌కి ఎడమవైపు అద్దం కూడా ఇవ్వకుండా అమ్మిన కంపెనీ, బోల్టు మాత్రం ఊరికే పడేసిందట. ఆ మాటతో అందరికీ మనశ్శాంతి. తమరు వెళ్లి డ్యాష్‌బోర్డు అరలో, పాత పార్కింగ్ చీటీల మధ్య సెటిలవుతారు.

తమరి జాతకం తల కొలతలోనే రాసి ఉంటుందని వాళ్లకెవరూ చెప్పలేదు. సుజుకీ వంశం బండి గనక లెక్క తేలికే. 10 పానా పడితే తమరు ఎం6, అంటే ఒంటి లావు 6 మిల్లీమీటర్లు. 12 పడితే ఎం8. 14 పడితే ఎం10. ఎం6 మిగిలితే టైమింగ్ కవరు, వాల్వ్ కవరు లాంటి చిన్న మూతల దగ్గర వెతకాలి. ఎం8 మిగిలితే మ్యానిఫోల్డ్, బ్రాకెట్ల వైపు చూడాలి. ఎం10 మిగిలిందంటే కారు స్టార్ట్ చేయకపోవడమే మేలు. ఆ సైజువాళ్లు పెద్ద బరువులు మోసే ఉద్యోగస్తులు: మౌంటింగులు, సస్పెన్షన్, గేర్‌బాక్స్. అలాంటివాళ్లు డ్యూటీ ఎగ్గొట్టి డ్యాష్‌బోర్డులో కూర్చుంటే ఏం జరుగుతుందో వేరే చెప్పాలా?

తమరిలో అందరికంటే జిత్తులమారి, గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటర్ కింద ఉండే నట్టు. అది లేకపోయినా ఇంజిన్ స్టార్టవుతుంది. అదే దాని మాయ. గ్యాస్కెట్ సందులోంచి దొంగగాలి లోపలికి పోతుంది, పెట్రోలు వాటా తగ్గుతుంది, ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఊగుతుంది. నట్టు సంగతి గుర్తురాని కుర్రాడు స్క్రూ డ్రైవర్ పట్టుకుని ఐడ్లింగ్ స్క్రూ తిప్పుతాడు. తర్వాత మిక్చర్ స్క్రూ. తర్వాత ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ వదులు చేసి అది కూడా తిప్పుతాడు. ఇప్పుడు ఒక తప్పు కాస్తా నాలుగయింది. విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్తే మేస్త్రీ ముందు ఆ మూడూ మొదటికి తెచ్చి, ఆ తర్వాత తమరి జాగాలో కొత్త నట్టు వేస్తాడు. నట్టు ఖరీదు చిల్లర. తక్కిన బిల్లంతా స్క్రూ డ్రైవర్ చేసిన సేవకు.

ఇక తమరి బంధువర్గం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద రెక్కల నట్టు ఒకటుంటుంది. తీసేటప్పుడు వేళ్లలోంచి జారి సరిగ్గా కార్బ్యురేటర్ గొంతులో పడడం దాని ముచ్చట. అప్పుడు చేయాల్సింది ఒక్కటే: తాళంచెవి జేబులో వేసుకుని, కడ్డీ మ్యాగ్నెట్‌తో మెల్లగా పైకి తీయడం. "ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం, ఎగిరొస్తుందేమో" అన్నవాడి బుర్రకో దండం. ఇంజిన్ లోపలికి పీల్చేదే గానీ బయటికి ఊదేది కాదు. నట్టు వాల్వు సందులో ఇరుక్కుంటే వాల్వు వంగుతుంది, పిస్టన్ మీదకి చేరితే అక్కడ తాండవం.

దీనికి తెలివైనవాళ్లు విరుగుడు కనిపెట్టారు. కార్బ్యురేటర్ నోట్లో గుడ్డ కుక్కి పని మొదలుపెడతారు. మంచి పద్ధతే, మేస్త్రీలూ చేస్తారు. కానీ మేస్త్రీలు ఓ మూర పొడవు గుడ్డ పెట్టి సగం బయటికి వేలాడదీస్తారు. మనవాడు చిరిగిన బనియన్ ముక్క చిన్నది కుక్కి, దాని మీదే ఫిల్టర్ డబ్బా బిగించేస్తాడు. ఇంజిన్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. అప్పుడు ప్లగ్గులు మారుస్తారు, కాయిల్ మారుస్తారు, పెట్రోల్ పంప్ మారుస్తారు. బనియన్ మాత్రం లోపల చల్లగా ఉంటుంది.

ఆయిల్ మార్చేటప్పుడు డ్రెయిన్ ప్లగ్ గారి లీల చూడాలి. కింద ప్లగ్ బిగించకుండా పైన ఆయిల్ పోయడం అనాదిగా వస్తున్న ఆచారం. దాదాపు మూడు లీటర్ల 20డబ్ల్యు-40 ఆయిల్ పోసినా డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) మీద గీత దాకా రాకపోతే అప్పుడు వంగి కిందికి చూస్తారు. పాత ఆయిల్ ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోవడం ఇంకాస్త పైస్థాయి. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తారు. ఐడ్లింగ్‌లో ఏమీ కాదు. యాక్సిలరేటర్ తొక్కి ప్రెషర్ పెరగ్గానే రెండు రింగుల మధ్యనుంచి ఆయిల్ పిచికారీ అవుతుంది. పాత ఫిల్టర్‌ని పారేసే ముందు తిప్పి, రింగు దానితోనే వచ్చిందా అని చూస్తే సరిపోయేది. అంత ఓపిక ఉన్నవాడు ఈ రంగానికి రాడు.

మూడు సిలిండర్ల ఇంజిన్ గనక స్పార్క్ ప్లగ్ వైర్లు మూడే. మూడింటిని ఆరు రకాలుగా తగిలించవచ్చు, సరైనది ఒకటే. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరస, 1-3-2. మనవాళ్లు మూడూ ఒకేసారి పీకి, 1-2-3 అని బడిలో నేర్పిన ప్రకారం పెడతారు. కార్బ్యురేటర్‌లోంచి ఢామ్మని మంట పైకి తన్నుతుంది, దగ్గరగా వంగి చూస్తున్నవాడి కనుబొమలు పోతాయి. ఒక్కో వైరూ తీసి, దాన్ని తగిలించాకే ఇంకోటి ముట్టుకోవాలి. లేదా కాగితం పట్టీ చుట్టి నంబరు వేయాలి.

బిగింపు గురించి ఒక మాట. ఎం6 బోల్టుకు కావాల్సింది 10 న్యూటన్ మీటర్లు, అంటే పది సెంటీమీటర్ల పానా చివర పది కిలోల లాగుడు. పానాకి పైపు తొడిగి ఇద్దరు కలిసి లాగితే అల్యూమినియంలో థ్రెడ్డు పోతుంది, లేదా తమరి తల తెగి చేతిలోకొస్తుంది. తమరు మిగలడంలో ఇది రెండో రకం. సగం బయట, సగం లోపల.

ఇంత చేసేదీ ఎందుకయ్యా అంటే ఆదివారం పొద్దున పావు మైలు పందెం కోసం. 402 మీటర్లు. కారు బరువు దాదాపు 650 కిలోలు, ఇంజిన్ 37 హార్స్ పవర్ అటూ ఇటూ. డెబ్బై కిలోల డ్రైవర్‌తో లెక్క వేస్తే పావు మైలుకి ఇరవై సెకన్లు పడుతుంది. దీన్ని తగ్గించడానికి జరిగే యాగం చూసి తీరాలి. స్టెప్నీ, జాకీ, వెనక సీటు పీకి పారేస్తారు. ముప్ఫై కిలోలు తగ్గితే కలిసొచ్చేది సెకనులో మూడో వంతు కూడా కాదు. ఆ తర్వాత వందకిలోల స్నేహితుడు "నేనూ వస్తా" అని పక్క సీట్లో కూర్చుంటాడు. సీటు బోల్టులు తమరి సంఘంలో చేరతాయి.

సైలెన్సర్ కోస్తే చప్పుడు పెరుగుతుంది, కొలిచి చూస్తే వేగం పెద్దగా పెరగదు. ఫిల్టర్ డబ్బా తీసేసి కోన్ ఫిల్టర్ పెడితే ఇంజిన్ గదిలోని వేడిగాలే లోపలికి పోతుంది, కార్బ్యురేటర్‌లో పెట్రోలు చిమ్మే జెట్ మార్చకపోతే మిక్చర్ కూడా పలచనవుతుంది. అన్నిటికీ మించింది పెట్రోల్ ట్యాంకులో కలరా ఉండలు వేయడం. ఆ ఉండల్లోని నాఫ్తలిన్ ఆక్టేన్‌ని (పెట్రోలు తొందరపడి పేలకుండా ఆగే గుణాన్ని) కాస్త పెంచుతుందన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ మారుతి 800కి ఆ ఆక్టేన్‌తో పనే లేదు. పెట్రోలు ఆవిరైన చోట ఆ నాఫ్తలిన్ మళ్లీ గడ్డకట్టి జెట్లు మూసేస్తుంది. పైగా బజారులో ఆ పేరుతో అమ్మేవన్నీ నాఫ్తలిన్ కావు, కొన్నిట్లో ఉండేది వేరే రసాయనం. బట్టల బీరువాకి మాత్రం ఏ రసాయనమైనా ఒకటే.

సరే, గీత మీదకొచ్చారు. ఇది ముందు చక్రాలతో లాగే బండి. ఎగదోస్తే బరువు వెనక్కి పోతుంది, లాగాల్సిన ముందు చక్రాల మీద భారం తగ్గుతుంది. 145/70 ఆర్12 సైజు సన్న టైర్లు ఎంతని పట్టుకుంటాయి? నాలుగు వేల ఆర్‌పీఎంలో క్లచ్ టప్పున వదిలితే టైర్లు కీచుమంటాయి, పొగ వస్తుంది, పక్కనున్న స్కూటర్ వెళ్లిపోతుంది. రెండు వేల దగ్గర పట్టి మెల్లగా వదిలినవాడు ముందుంటాడు. క్లచ్ కేబుల్ మరీ బిగువుగా పెట్టి, పెడల్‌కి ఒకటి రెండు సెంటీమీటర్ల ప్లే కూడా ఉంచకపోతే ప్లేటు జారుతూనే ఉంటుంది: ఇంజిన్ అరుస్తుంది, కారు నడుస్తుంది, క్లచ్ ప్లేటు మాడిన వాసన పెళ్లివారి వంటపొయ్యిలా వీధంతా చుడుతుంది.

తమరు లేని లోటు తెలిసేది ఈ ఇరవై సెకన్లలోనే. మౌంటింగ్ బోల్టు తమరైతే క్లచ్ వదలగానే ఇంజిన్ పక్కకి ఒరుగుతుంది, గేర్ రాడ్డు దానితో పోతుంది, రెండో గేర్ దొరకదు. బ్యాటరీ క్లాంపు తమరైతే బ్యాటరీ జరిగి టెర్మినల్ బాడీకి తగిలి మెరుపులు. యాక్సిలరేటర్ స్ప్రింగు కొక్కెం దగ్గరి స్క్రూ తమరైతే పెడల్ మీద కాలు తీసినా ఇంజిన్ తగ్గదు. ఇక్కడ మాత్రం నవ్వు ఆగిపోతుంది. అప్పుడు తాళం చెవి ఒక్క గడి వెనక్కి తిప్పాలి, పూర్తిగా బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది.

అమెరికాలో ఈ పిచ్చిని రోడ్ల మీదనుంచి రన్‌వేల మీదకి తోలడానికి వాలీ పార్క్స్ 1951లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) అనే రేసుల సంఘం పెట్టాడు. అక్కడ పరుగుకి ముందు తనిఖీదారు వచ్చి వెతికేది అశ్వశక్తిని కాదు, తమర్ని. బ్యాటరీ కట్టి ఉందా, యాక్సిలరేటర్‌కి వెనక్కి లాగే స్ప్రింగు ఉందా, చక్రాన్ని పట్టి ఉంచే వీల్ స్టడ్డు తన లావుకి తక్కువ కాకుండా నట్టులోకి దిగిందా అని చూస్తారు. ఎం12 స్టడ్డయితే 12 మిల్లీమీటర్ల థ్రెడ్డు పట్టాల్సిందే. మన పక్కనే చెన్నై దగ్గర షోలవరంలో యుద్ధకాలపు రన్‌వే మీద ఏళ్ల తరబడి రేసులు జరిగాయి, 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ వచ్చింది. అక్కడా స్క్రూటినీ దాటకుండా గీత దగ్గరికి పోనివ్వరు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద తనిఖీదారు ఉండడు. పోలీసు ఉంటాడు. ఆయన అడిగేది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 గురించి: రోడ్డు మీద పందేనికి మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. నడిపినవాడు మైనరైతే 199ఏ కింద బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు, 25,000 జరిమానాతో నాన్నగారికి జైలు యోగం కూడా. డ్యాష్‌బోర్డు అరలో ఉన్న తమరి వాంగ్మూలం ఎవరూ తీసుకోరు.

తమరి సంతతి పెరగకుండా ఉపాయాలు లేకపోలేదు. విప్పిన బోల్టుని అదే రంధ్రంలో రెండు చుట్లు తిప్పి వదిలేయడం అన్నిటికంటే తేలిక. కుదరకపోతే ముప్ఫై గుడ్ల అట్టముక్క తెచ్చి, విప్పిన వరసలో గుంటకొకటి వేయాలి. కవర్ల బోల్టులకైతే అట్టమీద కవర్ బొమ్మ గీసి, ఆ స్థానాల్లోనే గుచ్చాలి, ఎందుకంటే ఒకే కవర్‌కి వేర్వేరు పొడవులవి ఉంటాయి. బిగించేటప్పుడు అన్నీ చేత్తో పట్టించాకే పానా అందుకోవాలి.

అయినా తమరు దిగులు పడాల్సిన పనిలేదు. ఆ గుడ్ల అట్టని ఎవడో కాలితో తన్ని, అన్నీ కలిపి కొబ్బరి చిప్పలో ఎత్తి పోశాడని కబురు. పైగా వచ్చే శనివారం గేర్‌బాక్స్ దించుతున్నారట. గేర్‌బాక్స్‌ని ఇంజిన్‌కి కలిపే బెల్ హౌసింగ్ బోల్టులు పొట్టివీ పొడుగువీ ఉంటాయి, పొట్టి రంధ్రంలో పొడుగుది దూర్చితే అడుగు తగిలి బిగిసినట్టే ఉంటుంది గానీ పట్టదు. ఈసారి తమరు ఒక్కరే రారు, కుటుంబసమేతంగా విచ్చేస్తారు. ఏ సైజు తలతో వస్తున్నారో ముందుగా ఒక కార్డు ముక్క రాసిపడేస్తే ఆటోనగర్ మేస్త్రీకి చెప్పి ఉంచుతాం.

ఇట్లు,
తమరి కోసం జాకీ కింద టార్చ్ వేసి వెతుకుతున్న శ్రేయోభిలాషులు