డేటోనా 500 మీద ఆ ఫార్వర్డ్ ఇక ఆపండి

ఫిబ్రవరి వస్తే చాలు, ఫ్లోరిడాలో ఏటా జరిగే కార్ల రేసు మీద "డేటోనా 500 చీకటి చరిత్ర" అనే మెసేజ్ మళ్లీ లేస్తుంది. అమెరికాలో ఉండి రేసులు చూసే మనోళ్లే పంపుతుంటే ఒళ్లు మండుతోంది.

దొంగసారా స్మగ్లర్లు పెట్టిన రేసు అంట. తొలినాళ్ల డ్రైవర్లలో కొందరు సారా తోలినోళ్లే, నిజమే, కానీ డేటోనా బీచ్ ఇసుక మీద 1935లోనే బ్రిటిష్ రేసర్ మాల్కమ్ క్యాంప్‌బెల్ గంటకి 276 మైళ్ల స్పీడు దాటాడు, అంటే అక్కడ స్పీడు పిచ్చి స్మగ్లర్లతో మొదలైంది కాదు. ఇక ట్రాక్ చుట్టూ "ఎడమకి తిప్పడమే కదా" అన్నాయన మలుపుల్లో ఆ 31 డిగ్రీల వాలు మీద ఒక్క రౌండ్ తోలి వచ్చి మాట్లాడితే బాగుంటుంది.

అసలు దుర్మార్గం మూడో పాయింట్. 2001 రేసులో స్టార్ డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్‌ని సాటి డ్రైవర్ స్టెర్లింగ్ మార్లిన్ కావాలని గుద్ది చంపాడంట! ఆఖరి ల్యాప్, నాలుగో మలుపు, వెనక గుంపు మొత్తం మీదకొస్తోంది, మార్లిన్ కారు ఎర్న్‌హార్ట్ కారు వెనక మూలకి తగిలింది, అది కిందకి జారి మళ్లీ పైకి లేచి, ఇంకో డ్రైవర్ కెన్ ష్రేడర్ కారుని తగులుకుని పోయి గోడకి కొట్టుకుంది. ప్రతి రేసులో చూసే తాకిడే అది. ప్రాణం తీసింది పుర్రె అడుగు ఎముక విరగడం, అంటే బెల్టులు ఒంటిని పట్టేసినా తల ఆగకుండా ముందుకి విసురుకుపోవడం. అంతకుముందు ఏడాదే ఆడమ్ పెట్టీ, కెన్నీ ఇర్విన్, టోనీ రోపర్ అనే డ్రైవర్లు ఇదే గాయంతో పోయారు, మరి వాళ్లందర్నీ కూడా మార్లినే చంపాడా? తలని భుజాలకి కట్టి ఉంచే హాన్స్ పరికరం అప్పటికే ఉంది, ఎర్న్‌హార్ట్ పెట్టుకోలేదు, ఈ రేసులు నడిపే సంస్థ నాస్కార్ కూడా తప్పనిసరి చెయ్యలేదు, ఆ అక్టోబర్‌లో గానీ చెయ్యలేదు. ఆ తర్వాత నాస్కార్ అగ్రశ్రేణి కప్ రేసుల్లో ఒక్క డ్రైవర్ కూడా చనిపోలేదు. మార్లిన్‌కి అప్పట్లో చంపుతామని బెదిరింపులొస్తే, ఆయన్ని అనొద్దని ఎర్న్‌హార్ట్ కొడుకే బయటికొచ్చి చెప్పాడు. తండ్రిని పోగొట్టుకున్నోడికి లేని పగ ఫోన్ పట్టుకుని కూర్చున్న మీకెందుకండీ?

1959 మొదటి రేసు ఫలితం మార్చేశారన్న పాయింట్ మాత్రం నేను కొట్టిపారెయ్యను. ముందు జానీ బోషాంప్ గెలిచాడన్నారు, మూడు రోజుల తర్వాత ఫొటోలు, న్యూస్‌రీల్ చూసి లీ పెట్టీకి ఇచ్చారు. ఫొటోల్లో పెట్టీయే ముందున్నాడు, నాకందులో డౌట్ లేదు. కానీ ట్రాక్ కట్టిందీ, నాస్కార్ నడిపేదీ, తీర్పు చెప్పిందీ అన్నీ బిల్ ఫ్రాన్సే అయినప్పుడు జనం అనుమానపడటంలో తప్పేం లేదు.