తూత్తుకుడి టవరుకు పని చెప్పాలి

2000 అక్టోబరులో మేం చెన్నై వలసరవాక్కంలో అద్దెకుండేవాళ్లం. మేడమీద వాటాలో శ్రీలంకలోని జాఫ్నా నుంచి వచ్చిన తమిళ కుటుంబం ఉండేది. రాత్రి తొమ్మిది దాటగానే ఆ ఇంటి పెద్దాయన రేడియోను కిటికీ దగ్గరకు తెచ్చి, ఏరియల్ నిలువునా లాగి, బీబీసీ తమిళ ప్రసారం 'తమిళోసై' పెట్టేవారు. గరగరల మధ్య వార్త చిక్కేదాకా ఇంట్లో ఎవరూ నోరు మెదిపేవారు కాదు. ఆ నెల 19న, జాఫ్నా నుంచి బీబీసీకి వార్తలు పంపే మైల్వాగనం నిమలరాజన్‌ను ఆయన ఇంట్లోనే చంపేశారు. తర్వాత పెద్దాయన మెట్ల మీద ఎదురుపడి, "మా ఊరి సంగతి ఇక మాకెవరు చెబుతారు తంబీ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

పరాయి గడ్డపై మానవ హక్కులను కాపాడటం అనగానే మనం జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి వైపే చూస్తాం. అక్కడ శ్రీలంకపై తీర్మానాలకు భారత్ 2012, 2013లో మద్దతిచ్చింది. 2014లోనూ, మళ్లీ 2021, 2022లోనూ ఓటింగుకు దూరంగా ఉంది. 2013లో చెన్నై లయోలా కళాశాల విద్యార్థులు నిరాహార దీక్షకు కూర్చున్నది కూడా ఈ తీర్మానాల విషయంలోనే. ఓటింగుకు దూరంగా ఉండటం తప్పేనని నా అభిప్రాయం. కానీ నన్ను అంతకన్నా ఎక్కువగా బాధిస్తున్నది రేడియోల గొంతు నొక్కేయడం. 'తమిళోసై' రేడియో ప్రసారం 2017లో ఆగిపోయింది. 1942లో మొదలైన వాయిస్ ఆఫ్ అమెరికాను 2025 మార్చిలో అక్కడి ప్రభుత్వమే మూగబోయేలా చేసింది. సొంత భాషలో నిజం వినిపించే గొంతును మించిన హక్కుల సాయం నాకు తెలియదు. జాఫ్నాలో 'ఉదయన్' పత్రిక కార్యాలయంపై 2006లో దాడి చేసి ఇద్దరు ఉద్యోగులను చంపారు. 2013లో ముద్రణాలయానికి నిప్పు పెట్టారు. అచ్చు యంత్రాన్ని తగలబెట్టవచ్చు గానీ, సముద్రం అవతలి టవరును ఎవరు తగలబెడతారు?

ఆ టవరు మన దగ్గరే ఉంది. తమిళనాడు తీరంలోని తూత్తుకుడిలో ఆకాశవాణి 200 కిలోవాట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ నెలకొల్పింది శ్రీలంక శ్రోతలను దృష్టిలో పెట్టుకునే. ఈ పని మనకు కొత్తా? 1971లో బంగ్లాదేశ్ విముక్తి పోరాట రేడియో స్వాధీన్ బంగ్లా బేతార్ కేంద్రానికి ట్రాన్స్‌మిటర్ ఇచ్చింది మనమే. బంగ్లాదేశ్ కోసం 2016లో ఆకాశవాణి మైత్రి ప్రారంభించాం. అక్కడి విలేఖరులతో, అక్కడి తమిళంలో, సింహళంలో, కొలంబోకూ ఢిల్లీకీ వెరవని వార్తలు తూత్తుకుడి నుంచి వెళ్లాలి.

ఇది పొరుగుదేశం వ్యవహారాల్లో తలదూర్చడమేనని కొందరంటారు. పత్రికాస్వేచ్ఛలో 2025లో 180 దేశాల్లో 151వ స్థానంలో ఉన్నవాళ్లం ఇతరులకేం చెబుతామని మరికొందరంటారు. మొదటి మాటకు 1971 చాలు.

రెండో మాట మాత్రం నిజంగా గుచ్చుకుంటుంది. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రం సొంతంగా వార్తలు సేకరించి చదవడానికి వీల్లేదు; ఆకాశవాణి బులెటిన్‌నే మక్కీకి మక్కీ తిరిగి వినిపించాలి. టీవీలో, పత్రికలో, ఫోనులో వార్తకు లేని ఈ నిషేధం రేడియోకే ఎందుకు? తరతరాలుగా చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లం మనం. ఇక్కడి కార్పొరేషన్ సంగతులు, కోర్టు తీర్పులు, మన వీధి నీళ్ల గొడవ మన భాషలో చెబుతానని రేపు ఎవరైనా ఎఫ్ఎం కేంద్రం పెట్టినా, పాటలు వేసుకోవాల్సిందే తప్ప మన వార్త మనకు చెప్పడానికి లేదు. తూత్తుకుడి నుంచి స్వేచ్ఛగా మాట్లాడించమని ఢిల్లీని ఏ నోటితో అడుగుతున్నానో, ఈ నిషేధం ఎత్తేయమనీ అదే నోటితో అడుగుతున్నాను. ఆనాడు మెట్ల మీద పెద్దాయన అడిగిన ప్రశ్న జాఫ్నా ఒక్కదాని గురించే అనుకున్నాను.