పిరమిడ్‌ను కొట్టిన ఫిరంగి గుండు గారికి

మహారాజశ్రీ ఫిరంగి గుండు గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేం క్షేమం. అక్కడ పిరమిడ్ కూడా క్షేమమేనని తెలుసు. కానీ రిడ్లీ స్కాట్ గారి ‘నెపోలియన్’ (2023) చూశాక కాస్త టెన్షన్ పట్టుకుంది. అందులో నెపోలియన్ సేన పేల్చగా తమరు వెళ్లి వెళ్లి సరిగ్గా పిరమిడ్ శిఖరానికే తగిలారు!

1798 జులై 21 నాటి ఆ యుద్ధానికి పిరమిడ్ల పేరు పెట్టారే గాని, పోరు జరిగింది నైలు ఒడ్డున, ఎంబాబే దగ్గర. పిరమిడ్లు దూరంగా కనబడ్డాయంతే. మరి తమరు అంత దూరం ఎలా ఎగిరారు? నెపోలియన్ ఈజిప్టును పట్టుకున్నాడని చటుక్కున చెప్పడానికి అదో దారి అని దర్శకుడే ఒప్పుకున్నారు. తప్పులు పట్టిన చరిత్రకారులనేమో ‘అప్పుడు మీరున్నారా?’ అన్నారు. ఆ ప్రశ్న ముందు తమరిని అడగాల్సింది.

పిరమిడ్ల పక్కనున్న స్ఫింక్స్ విగ్రహం ముక్కు ఎగరగొట్టారన్న నింద మీ వంశం మీద ఎప్పటినుంచో ఉంది. నెపోలియన్ పుట్టింది 1769లో. డెన్మార్క్ యాత్రికుడు నోర్డెన్ అంతకు మూడు దశాబ్దాల ముందు గీసిన బొమ్మలోనే ముక్కు లేదు. ఆ కేసు కొట్టేశారనుకుంటే ఇప్పుడిది.

సినిమాలో ఆస్టర్లిట్జ్ యుద్ధంలో మంచు పగిలే ఘట్టానికి నాకూ ఒళ్లు జలదరించింది, కాదనను. అక్కడా కాస్త ఎక్కువే చేశారనుకోండి. నా బాధ తమరికి సీటిచ్చి ఎవరిని లేపేశారన్నదే. సైన్యంతో ఈజిప్టుకు ఓడలెక్కిన నూట యాభైమందికి పైగా పండితుల శ్రమ, ఈజిప్టు పాత లిపిని చదవడానికి దారి చూపిన, 1799లో దొరికిన రోసెట్టా రాయి, 1802లో నెపోలియన్ గారు ఫ్రెంచి వలసల్లో బానిసత్వాన్ని మళ్లీ నిలబెట్టడం, ఆయన పంపిన సైన్యాన్ని హైతీ జనం తరిమికొట్టడం... థియేటర్ కూర్పు రెండున్నర గంటలు దాటినా వీటికి చోటు దొరకలేదు. భార్య జోసెఫీన్‌తో అలకలకు మాత్రం బోలెడంత దొరికింది.

హైదరాబాదులో మీ చుట్టాలున్నారు. ఫ్రెంచి దళపతి రేమండ్ ఫిరంగులు పోత పోయించిన గన్‌ఫౌండ్రీ అక్కడిదే. మీరు పిరమిడ్ మీదికి దూకిన ఏడాదే, అక్టోబరులో, నిజాం కొలువులోని ఆ ఫ్రెంచి దళం చేత ఇంగ్లీషువాళ్లు ఆయుధాలు కింద పెట్టించేశారు. యుద్ధమే జరగలేదు. సినిమాకు పనికిరాని కథ!

చుట్టపుచూపుగా ఎప్పుడైనా రండి. చార్మినార్ వైపు మాత్రం రావద్దు.

ఇట్లు,
టికెట్ కొన్నవాడు