విశాఖ డాన్స్ ఫ్లోరుకు కావాల్సిన ఆ 16 బార్లు

ఫోన్‌లో అదరగొట్టిన పాప్-డాన్స్ సింగిల్ (విడిగా విడుదలైన ఒక్క పాట) రుషికొండ రిసార్టులో సంగీత్ రాత్రి ఎందుకు చప్పబడిపోతుంది? సౌండ్ చాలలేదనో, మనవాళ్లకు ఇంగ్లిష్ పాటలు ఎక్కవనో సర్దిచెప్పుకోవడం మామూలే. చాలాసార్లు అసలు లోపం పాట కట్టుబడిలోనే ఉంటుంది. పాటను ఫోన్ కోసం కట్టారు, వేస్తున్నది మాత్రం నాలుగు వందల మంది ముందు. సొంతంగా సింగిల్స్ చేస్తున్న మన డీజేలు ఈ తేడాను పట్టించుకోకపోతే, ఎంత మంచి ట్యూన్ అయినా ఫ్లోరు మీద నిలబడదు.

ముందు లెక్క చూద్దాం. పాప్-డాన్స్ పాటలు ఎక్కువగా నిమిషానికి 120 నుంచి 128 బీట్ల (బీపీఎం) మధ్య నడుస్తాయి. 126 బీపీఎం అనుకుంటే ఒక బీటు 0.476 సెకను, నాలుగు బీట్ల బారు 1.9 సెకన్లు. 8 బార్లకు 15 సెకన్లు, 16 బార్లకు 30 సెకన్ల పైచిలుకు. పాటలో ఏ పెద్ద మార్పు వచ్చినా ఈ 8, 16, 32 బార్ల గడుల్లోనే వస్తుంది. ఆడేవాళ్లకు ఈ లెక్కలతో పనిలేదు, కానీ ఒంటికి తెలిసిపోతుంది. పదహారో బారు ముగిసేసరికి ఏదో రావాలని కాళ్లు ఎదురుచూస్తాయి. అక్కడ ఏమీ రాకపోతే చేతులు కిందికి దిగుతాయి, కళ్లు ఫోన్ల మీదికి పోతాయి.

స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే ఒక ప్లే కింద లెక్క. 126 వేగంలో ఆ 30 సెకన్లంటే ఇంచుమించు అవే 16 బార్లు. అందుకే ఈమధ్య సింగిల్స్‌లో ఇంట్రో మాయమైంది. మొదటి సెకను నుంచే గొంతు, పదిహేను సెకన్లలో హుక్కు (నోట్లో నానే ముక్క), రెండున్నర నిమిషాల్లో పాట ఖతం. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ద్వారకా బస్‌స్టేషన్‌లో బస్సు కోసం చూసేవాడికి అది సరిపోతుంది. డీజేకు సరిపోదు. నడుస్తున్న పాట మీదికి కొత్త పాటను తేవాలంటే రెండింటి డ్రమ్స్ కాసేపు పక్కపక్కన నడవాలి. అందుకు కనీసం 16 బార్లు, కుదిరితే 32 బార్లు గొంతు లేని చోటు కావాలి. అది లేకపోతే గొంతు మీద గొంతు పడుతుంది. లేదంటే ఉన్నపళంగా కోసి వేయాలి. అలా కోసిన ప్రతిసారీ నాలుగైదు సెకన్లు అడుగు తప్పుతుంది, ఆడేవాళ్లు ఆగి కన్సోల్ వైపు చూస్తారు. గంటలో పదిసార్లు అలా జరిగితే ఫ్లోరు అంచున ఉన్నవాళ్లు భోజనాల వైపు నడుస్తారు.

ఇక అసలు విషయం డ్రాప్‌కు ముందుండే బిల్డప్. డ్రాప్ అంటే పాట బరువంతా ఒక్కసారిగా పడే చోటు, బిల్డప్ అంటే దానికోసం ఎదురుచూపు పెంచే భాగం. కుదురుగా కట్టిన పాటలో ఆ 16 బార్లు ఇలా ఉంటాయి. మొదటి 8 బార్లలో కిక్ (బీటుబీటుకూ పడే బరువైన డ్రమ్ దెబ్బ) నడుస్తూనే ఉంటుంది, బేస్ మాత్రం తప్పుకుంటుంది. నేల ఉంది, బరువు లేదు అన్న భావన అక్కడే మొదలవుతుంది. తర్వాతి 4 బార్లలో బీటుకొక స్నేర్ (పదునుగా మోగే చిన్న డ్రమ్) దెబ్బ. ఆపై 2 బార్లు బీటుకు రెండు, ఇంకో బారు బీటుకు నాలుగు. ఈలోగా హై-పాస్ ఫిల్టర్ కిక్‌లోని కింది భాగాన్ని కొంచెం కొంచెంగా కోసేస్తుంటుంది, వెనకాల హోరు పైకి లేస్తుంటుంది. చివరి బారులో గొంతు ఒక్కటే ఒక మాట అంటుంది. ఆఖరి బీటు ఖాళీ. అప్పుడు కిక్, బేస్ కలిసి పడతాయి. జనం గాల్లోకి లేచేది ఆ పడడం పెద్దదిగా ఉందని అనుకుంటాం. నిజానికి అరనిమిషం పాటు బేస్‌ను దాచిపెట్టారు కాబట్టి లేస్తారు. బిల్డప్‌లో కూడా బేస్‌ను వదలకుండా మోగించే పాటకు డ్రాప్ దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ మిగలదు.

ఆ ఆఖరి ఖాళీ బీటు మన కల్యాణ మండపాల్లో పెద్ద చిక్కు. నున్నటి టైల్స్, గట్టి గోడలు, ఎత్తయిన కప్పు. అలాంటి హాల్లో మోత రెండు సెకన్ల వరకు నిలుస్తుంది. అరసెకను ఖాళీ ఆ మోతలో పూడిపోతుంది, నిశ్శబ్దం ఎవరికీ వినపడదు. హెడ్‌ఫోన్స్‌లో గుండె ఆగినట్టనిపించిన చోటు హాల్లో ఏమీ కాకుండా పోతుంది. దీనికి మందు సులువే. ఆ ఖాళీని ఒక బీటు నుంచి పూర్తి బారుకు, అంటే దాదాపు రెండు సెకన్లకు పెంచాలి. దాని ముందు మాటకు ఎకో, రివర్బ్ (హాలు మోతలాంటి ఎఫెక్ట్) తగ్గించాలి. హాలు ఎలాగూ తన రివర్బ్ తానే కలుపుతుంది. బీచ్ ఒడ్డున ఆరుబయట అయితే గోడలు లేవు కాబట్టి ఒక్క బీటు చాలు. ఒకే పాటకు ఈ రెండు ఎడిట్లూ పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవడం పావుగంట పని.

డ్రాప్‌లో ఏముండాలన్నది విశాఖలో ఇంకొంచెం ఆలోచించాల్సిన ప్రశ్న. ఇక్కడి పార్టీలో ఒక్క భాష ఉండదు. తూర్పు నౌకాదళం, స్టీల్‌ప్లాంట్, పోర్టు వల్ల తెలుగువాళ్ల పక్కనే ఒడియా, బెంగాలీ, హిందీ కుటుంబాలు ఉంటాయి. 2015లో మేజర్ లేజర్, డీజే స్నేక్ కలిసి చేసిన ‘లీన్ ఆన్’ ఇలాంటి గుంపుల్లో ఎందుకు పనిచేస్తుందో చూడండి. వేగం 98 మాత్రమే. డ్రాప్‌లో మాటలు లేవు. గాయని మో గొంతునే ముక్కలు చేసి, శ్రుతి మార్చి, వాయిద్యంలా వాయించారు. మనిషి గొంతే కాబట్టి కూనిరాగం తీయవచ్చు, మాటలు లేవు కాబట్టి ఏ భాషవాళ్లకూ అడ్డులేదు. 2013 నాటి అవీచీ ‘వేక్ మీ అప్’ దారి వేరు. గిటారు మీద ఆలో బ్లాక్ పాడే భాగం అచ్చంగా కూర్చుని పాడుకునే పాట. ఆడనివాళ్లు కూడా పల్లవి అందుకుంటారు, ఆ తర్వాత వాయిద్యం వాళ్లను లేపుతుంది. ఆ ఏడాది మయామీ అల్ట్రా ఫెస్టివల్‌లో దాన్ని మొదటిసారి వినిపించినప్పుడు జనం మొహాలు ముడుచుకున్నారు, కొన్ని నెలలకే అది దేశదేశాల్లో మోగింది. కొత్త పాటను ఒక్క రాత్రి స్పందనతో తీసిపారేయకూడదనడానికి నేను ఎప్పుడూ చూపే ఉదాహరణ ఇదే.

మన డీజే పనితనం అసలు బయటపడేది పాప్-డాన్స్ నుంచి డప్పు పాటకు దాటే చోట. 126 మీద నడుస్తున్న పాటలో ప్రతి కిక్ మధ్య కాలం రెండుగా, నాలుగుగా చీలుతుంది. అది చతురశ్రం, తకధిమి. ఊరేగింపు డప్పు 6/8లో నడుస్తుంది. అక్కడ కిక్‌కు కిక్‌కు మధ్య మూడు. తిశ్రం, తకిట. రెండు పాటల కిక్‌లు అచ్చుగుద్దినట్టు కలిసినా పైన హైహ్యాట్లు (డ్రమ్స్‌లోని చిన్న తాళాలు), డప్పు పుల్ల దెబ్బలు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. వేగం కలిపాను కదా, గజిబిజి ఎందుకని కొత్తవాళ్లు తల పట్టుకునేది ఇక్కడే. చేయాల్సింది ఇది. పోయే పాటలో హై, మిడ్ నాబ్‌లు తగ్గించి 8 బార్లు కిక్ ఒక్కటే ఉంచాలి. వచ్చే పాటను బేస్ కోసి, డప్పు మాత్రమే ఒక గడి మొదట్లో ఎక్కించాలి. ఎనిమిదో బారు చివర పోయే పాట కిక్ తీసేసి, వచ్చే పాట కిక్ ఎక్కించాలి. రెండు బేస్‌లు ఒక్క బారు కూడా కలిసి మోగకూడదు.

ఇంకో మెలిక డీజే సాఫ్ట్‌వేర్‌తో. 6/8 పాటల వేగాన్ని అది తరచూ తప్పు చదువుతుంది. 126 ఉన్నదాన్ని 84 అనో 189 అనో చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి సింక్ (రెండు పాటల వేగాన్ని తానే కలిపే బటన్) నొక్కితే అందరి ముందూ పాట గాడి తప్పుతుంది. ఇంట్లోనే చేత్తో తట్టి గ్రిడ్ (పాటలో బీట్ల చోటు చూపే గీతలు) సరిచేసుకోవాలి. మనుషులు వాయించిన పాత సినిమా పాటల్లో వేగం నిలకడగా ఉండదు, పల్లవికి ఒకటి, చరణానికి ఒకటి. వాటికి ప్రతి 16 బార్లకూ గ్రిడ్ మళ్లీ కట్టాలి, లేదా సింక్ జోలికే పోకూడదు.

వేగాలు మరీ దూరంగా ఉంటే ఒక్కసారిగా లాగవద్దు. 118లో ఉన్న తెలుగు పాటను 126కు తేవడమంటే దాదాపు 7 శాతం. 6 శాతం పెంచితేనే శ్రుతి అరస్వరం పైకి పోతుంది. మాస్టర్ టెంపో నొక్కితే శ్రుతి ఆగుతుంది కానీ డప్పు దెబ్బ పదును మొద్దుబారుతుంది. డప్పుకు ఆ పదునే ప్రాణం. కాబట్టి మూడు పాటల ముందు నుంచే 126ను 124కు, 122కు దించుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకోవాలి.

ఇదంతా చేయడానికి టైమెక్కడుంది అంటారు. మాట నిజమే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెళ్లు. ఫంక్షన్‌లో ముహూర్తాలు, ఫొటోలు, భోజనాలు పోను తొమ్మిదికి ఫ్లోరు మొదలైతే మిగిలేది గంట. ఆ గంటలో ‘అన్నా, మా బావకి ఆ పాట వెయ్యి’ అని పదిమంది వస్తారు. అందరినీ సంతోషపెట్టాలని ముప్పై పాటల హుక్కులు వరసగా గుప్పిస్తే, మొదటి పది నిమిషాలు గోల బాగానే ఉంటుంది, తర్వాత ఏ హుక్కుకూ బలం ఉండదు. బిల్డప్ లేని హుక్కు ఉత్త మోత. నా లెక్కలో గంటకు పద్దెనిమిది నుంచి ఇరవై పాటలు. ఒక్కోదానికి మూడు నిమిషాలు, కనీసం ఒక బిల్డప్, ఒక డ్రాప్ పూర్తిగా. అడిగిన పాటలను వరసలో వాటి చోటు వచ్చినప్పుడే వేయాలి. ‘రెండు పాటల తర్వాత మీదే అన్నా’ అంటే ఎవరూ తప్పుపట్టరు.

సౌండ్ దగ్గర రెండు మూడు మాటలు. చాలా హాళ్లలో స్పీకర్లను మోనోలో (కుడిఎడమలు ఒకటే శబ్దంగా) కలుపుతారు. స్టూడియోలో వెడల్పు కోసం కుడిఎడమలకు సాగదీసిన సింథ్, హుక్కు గొంతు మోనోలో ఒకదాన్నొకటి కొట్టేసుకుని సన్నబడిపోతాయి. పాట బయటికి పంపేముందు మోనో బటన్ నొక్కి వినాలి. 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా మధ్యలోనే ఉండాలి. యూట్యూబ్ నుంచి దించుకున్న ఫైలు వద్దు. తరచూ 16 కిలోహెర్ట్జ్ పైన కోసేసి ఉండే ఆ శబ్దం ఫోన్‌లో తెలియదు గానీ పెద్ద టాప్‌ల (పై స్థాయి శబ్దాలు మోగించే స్పీకర్ల) మీద తాళాలు నీళ్లలో మోగినట్టుంటాయి. మిక్సర్‌లో ఎర్ర లైటు వెలుగుతుంటే సౌండ్ పెరగట్లేదు, పగులుతోంది.

బీచ్ రోడ్డు, భీమిలి వైపు ఆరుబయట పార్టీల్లో స్పీకర్ల మొహం సముద్రం వైపు తిప్పాలి. రాత్రి నేల చల్లబడ్డాక శబ్దం పైకి పోకుండా కిందికి వంగి దూరం పాకుతుంది, కాలనీలు మేల్కొనేది అందుకే. బేస్ మాత్రం ఎటు తిప్పినా అన్ని వైపులా పోతుంది. మూడు సబ్‌వూఫర్లు (బేస్ స్పీకర్లు) ఉంటే ఒకదాన్ని వెనక్కి తిప్పి, పోలారిటీ మార్చి (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి), సరిపడా డిలే (ఆలస్యం) ఇస్తే వెనక్కి పోయే బేస్ బాగా తగ్గుతుంది. ఈ పని తెలిసిన సౌండ్ మనిషికి వెయ్యి రూపాయలు ఎక్కువ ఇచ్చినా దండగ కాదు.

సింగిల్ విడుదల చేసే డీజే ఒక్క ఫైలుతో ఆగకూడదన్నది నా గట్టి అభిప్రాయం. స్ట్రీమింగ్‌కు రెండున్నర, మూడు నిమిషాల ఎడిట్. దానితోపాటే ముందు 32 బార్లు, వెనక 32 బార్లు డ్రమ్స్ ఉన్న ఎక్స్‌టెండెడ్ మిక్స్. రెండు నిమిషాలే పెరుగుతుంది. గొంతు ఒక్కటే ఉన్న ఫైలు, గొంతు లేని ఫైలు. ఫైలు పేరులోనే వేగం, శ్రుతి. ఇవి తోటి డీజేలకు ఇస్తే గాజువాకలో ఒకరు, మధురవాడలో ఒకరు మీ పాట వేస్తారు. ఇవ్వకపోతే మీ పాట మీ రాత్రికే పరిమితం. ఇచ్చే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండాలి, పాత ప్లేయర్లు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ చదవవు.

సినిమా పాట రీమిక్స్‌తో పేరు తెచ్చుకోవాలనుకుంటే హక్కుల సంగతి ముందే తేల్చుకోవాలి. పెళ్లి, ఊరేగింపు, దానికి సంబంధించిన వేడుకల్లో పాటలు వేయడానికి కాపీరైట్ చట్టం 52(1)(జెడ్‌ఏ) మినహాయింపు ఇస్తుంది. టికెట్ పెట్టిన న్యూ ఇయర్ ఈవెంట్‌కు ఆ మినహాయింపు లేదు. రీమిక్స్ చేసి విడుదల చేయడానికి అసలే లేదు, అనుమతి లేకుండా పెట్టిన పాటను లేబుల్ (హక్కులున్న మ్యూజిక్ కంపెనీ) ఏ రోజైనా తీయించేయవచ్చు.

అందుకే సొంత హుక్కు మీద పని చేయమంటాను. అరకు దారి పొడవునా ధింసా (గిరిజనుల గుంపు నృత్యం) ఉంది. తుడుము, డప్పు, కిరిడి వాయిద్యాలు మోగుతుంటే ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు కలిపి వేసే అడుగులో పాప్-డాన్స్‌కు కావాల్సిన తిరిగి తిరిగి వచ్చే గుణం ముందే ఉంది. ఇంటర్నెట్‌లో దొరికిన ముక్కను ఎత్తుకొచ్చి కిక్ కింద పెట్టడం కాదు చేయాల్సింది. వాయించేవాళ్లను పిలిచి, మెట్రోనోమ్ (వేగం చూపే టిక్‌టిక్) లేకుండా వాళ్ల వేగంలోనే రికార్డు చేసి, ఆ వేగానికి కిక్‌ను వంచాలి. రికార్డింగ్ రోజే డబ్బు చేతిలో పెట్టాలి, పాట విడుదలైన చోటల్లా వాళ్ల పేర్లు డీజే పేరు పక్కనే ఉండాలి, వచ్చే ఆదాయంలో వాటా ఎంతో ముందే కాగితం మీద రాసుకోవాలి.