హార్మోనిస్టుకి డేట్లు ఖాళీ లేవు, కృష్ణుడు మాత్రం ఇంట్లో ఉన్నాడు

అమలాపురంలోనో పాలకొల్లులోనో ఒక కుర్రాడు నాటకాల్లోనే బతుకుతానంటే ఇంట్లోవాళ్ళు, వీధిలోవాళ్ళు, ఆఖరికి నాటకాలేసే బాబాయి కూడా ఒకటే మాట అంటారు, నాటకం కూడు పెట్టదురా అని. అది సగమే నిజం. నాటకం వేషగాడికి సరిగ్గా పెట్టదు గానీ చుట్టూ ఉన్న చాలామందికి పెడుతూనే ఉంది, ఆ తేడా ఎందుకొచ్చిందో ఎవరూ కూర్చుని ఆలోచించరు.

సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థాలతో మొదలెట్టి సంక్రాంతి, శివరాత్రి మీదుగా శ్రీరామనవమి దాకా మనవైపు సీజన్. ఈ నాలుగైదు నెలలూ ఎవరి ఫోన్ ఎక్కువ మోగుతుందో చూడండి. హార్మోనిస్టుది. ఈరోజు ఒక ఊళ్ళో హరిశ్చంద్ర, రేపు ఇంకో ఊళ్ళో గయోపాఖ్యానం, ఎల్లుండి రాయబారం, నాటక సమాజం ఏదైనా సరే హార్మోనియం పెట్టె పట్టుకెళ్ళి కూర్చుంటాడు. మేకప్ ఆయనా అంతే, డ్రెస్ కంపెనీవాళ్ళూ అంతే, సెట్టింగులు లైట్లు సప్లై చేసేవాళ్ళూ అంతే. వీళ్ళు ఏ ఒక్క సమాజం మనుషులూ కాదు, అందరికీ కావలసినవాళ్ళు. ఒకే సమాజంలో కృష్ణుడు మాత్రమే వేసే ఆయన, ఆ సమాజానికి ప్రోగ్రాం వస్తేనే కిరీటం పెట్టుకుంటాడు, అదీ ముగ్గురు కృష్ణుల్లో ఒకడిగా, ఒక సీన్‌కి.

ముగ్గురు కృష్ణులేంటని ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ అది పక్కా వ్యాపారం. కాంబినేషన్ నాటకాల్లో, అంటే వేరువేరు సమాజాల ఆర్టిస్టుల్ని ఒక రాత్రికి కలిపి ఆడించే పద్యనాటకాల్లో, ప్రోగ్రాం ఒప్పుకున్న కాంట్రాక్టర్ ఒక్కో సీన్‌కి ఒక్కో పేరున్న ఆర్టిస్టుని పెడతాడు, పడక సీన్‌కి ఒకరు, రాయబారానికి ఇంకొకరు, ఎవరి అభిమానులు వాళ్ళకుంటారు కాబట్టి జనం తెల్లారేదాకా కూర్చుంటారు. ఇలా కలవడానికి రిహార్సల్ అక్కర్లేదు, ఎందుకంటే పద్యాలు అందరికీ నోటికొచ్చు, సాయంత్రం మేకప్ రూములోనే మొదటిసారి కలిసి రాత్రికి ఆడేయొచ్చు. ఈ పడక సీను, రాయబారం ఉన్న పాండవోద్యోగ విజయాలు రాసిన జంటకవులు తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళ వారు కడియంలో పుట్టారు, తిరుపతిశాస్త్రి గారిది యెండగండి. గయోపాఖ్యానం రాసిన చిలకమర్తి వారిది ఖండవల్లి. వాళ్ళు రాసిచ్చిన పద్యాలు ఇప్పటికీ ఈ మార్కెట్‌కి పెట్టుబడి, పైసా వడ్డీ లేనిది. అర్జునుడితో పాటు హరిశ్చంద్రలో నక్షత్రకుడి వేషం కూడా వచ్చినవాడికి, అవసరమైతే గయుడికి కూడా నిలబడేవాడికి డేట్లు దొరుకుతాయి. ఒక్క వేషం దగ్గరే ఆగిపోయినవాడికి గొంతు ఎంత బాగున్నా కష్టమే.

ఒక్క వేషం ప్రమాదం ఎలాంటిదో చింతామణి విషయంలో చూశాం. వీరవాసరం దగ్గర మత్స్యపురిలో పుట్టిన కాళ్ళకూరి నారాయణరావు గారి నాటకం అది, వేశ్యావ్యసనం మీద రాసింది. సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెబితే 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ప్రదర్శనలు నిషేధించింది. అభ్యంతరం ఊరికే రాలేదు, స్టేజి మీద బూతు పెంచుకుంటూ పోయింది మనవాళ్ళే, అది కూడా ఒప్పుకోవాలి. కానీ ఏళ్ళ తరబడి ఆ సుబ్బిశెట్టి మీదే, చింతామణి చెల్లెలు చిత్ర వేషం మీదే బతికినవాళ్ళకి ఒక్క జీవోతో సీజన్ పోయింది, దాని గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ.

పరిషత్తులు, అంటే నాటక పోటీలు, వాటిలో ఆడే నాటికల లెక్క వేరే. అక్కడ ఏటా కొత్త స్క్రిప్టు, నెలల తరబడి రిహార్సల్స్, గంటలో అయిపోయే నాటిక, తర్వాత జడ్జీలు, షీల్డులు. నటుల్లో ఎక్కువమంది టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఎల్‌ఐసీ వాళ్ళు, రిటైరైనవాళ్ళు. బహుమతి డబ్బు వ్యాను కిరాయికి చాలితే గొప్ప. నేను చాలా ఇష్టంగా చూసేది ఈ నాటికలే, కానీ దీన్ని కెరీర్ అనుకుని ఉద్యోగం మానేసేవాడిని మాత్రం ఆపుతాను. ఉద్యోగం చేసుకుంటూ వేషం కట్టడం మనదగ్గర కొత్తా కాదు, నామోషీ కాదు. 1880లో రాజమండ్రిలో వీరేశలింగం గారు వ్యవహార ధర్మబోధిని ఆడించింది విద్యార్థులతోనే. ఆ ఊళ్ళోనే ఆడవేషాలు కట్టిన టంగుటూరి ప్రకాశం గారు ప్లీడరయ్యారు. ప్రజానాట్యమండలి గరికపాటి రాజారావు గారు డాక్టరు. ఎస్వీ రంగారావు గారు సినిమాలకి ముందు ఫైర్ ఆఫీసర్‌గా చేశారు, పాలకొల్లు అల్లు రామలింగయ్య గారైతే సినిమాల్లో అంత పేరొచ్చాక కూడా హోమియో వైద్యం వదల్లేదు.

పరిషత్తుల్లో అసలైన ప్రొఫెషనల్ ఎవరంటే లేడీ ఆర్టిస్టు. మిగతావాళ్ళు జేబులోంచి పెట్టుకుని వస్తారు, ఆవిడ షోకి ఇంత అని మాట్లాడుకుని వస్తుంది. ఒకే పరిషత్తులో రెండు మూడు సమాజాలకి వేరువేరు పాత్రలు వేస్తుంది, డైలాగు ఎక్కడా కలవనివ్వదు, అర్ధరాత్రి మేకప్ కడుక్కుని తెల్లవారుజామున మొదటి బస్సు కోసం కాంప్లెక్సులో కూర్చుంటుంది. భీమవరంలో అయినా వీరవాసరంలో అయినా ఆవిడ దొరక్కపోతే నాటికే లేదు, అయినా తల్లి వేషాల వయసొచ్చేసరికి రేటు తగ్గించమంటారు. ఇది చాలా అన్యాయం అండి. వెళ్ళడానికి బండి, ఉండటానికి తాళం పడే గది, ఈ రెండూ రేటుతో పాటే ముందు మాట్లాడుకోవాలి, మొహమాటపడితే పనికాదు.

పూర్తిగా నాటకం మీదే బతికిన సంప్రదాయం మనకి సురభి ఒకటుంది, 1885లో కడప జిల్లాలో మొదలైంది. అది నడవడానికి కారణం కుటుంబమే కంపెనీ కావడం, సెట్లు సొంతం కావడం. బయటివాడు దాన్ని కాపీ కొట్టలేడు. నాటక బృందాల్లో గురుశిష్యులకి నెలనెలా ఇచ్చే కేంద్ర సాంస్కృతిక శాఖ రెపర్టరీ గ్రాంటు ఉంది, గురువుకి నెలకి 15,000, శిష్యులకి వయసుని బట్టి 10,000 దాకా. అరవై దాటిన కళాకారులకి నెలకి 6,000 వరకు సాయం కూడా ఉంది, ఏడాది ఆదాయం 72,000 లోపు ఉండాలి. ఇవన్నీ కాగితాల పని, మనవాళ్ళకి కాగితమంటేనే చిరాకు, వందల ప్రదర్శనలిచ్చిన మనిషి దగ్గర ఒక్క కరపత్రం ఉండదు. కరపత్రాలు, పేపర్ కటింగులు, ఫొటోలు మొదటి షో నుంచే ఒక ఫైల్లో పెట్టుకోవాలి.

సినిమా సంగతి ఎక్కువ చెప్పను. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నుంచి అంజలీదేవి, ఎస్వీఆర్, రేలంగి వెళ్ళిన రోజులు వేరు, ఇప్పుడు ఆడిషన్‌కి వెళ్తే రీల్స్ చూపించమంటారు.

నాకు ఎక్కువ మండేది యూట్యూబ్ దగ్గర. తీర్థంలో స్టేజి ముందు ట్రైపాడ్ పెట్టి రాత్రంతా రికార్డు చేసుకుంటారు, పొద్దున్నకి చానల్లో ఉంటుంది, యాడ్స్ డబ్బులు చానల్ వాడివి, పాడిన ఆయనకి మిగిలేది కామెంట్లో రెండు దండాలు. ఆ వీడియో చూసి ఇంకో ఊరివాళ్ళు పిలుస్తారు కదా అంటారు, నిజమే, పిలుస్తారు. కానీ వాళ్ళకి ఫోన్ నంబర్ ఎక్కడ దొరుకుతుంది? వీడియో కింద చానల్ వాడి నంబరే ఉంటుంది. కనీసం ఆర్టిస్టు పేరు, నంబరు వేస్తేనే కెమెరా పెట్టనిస్తామని అడ్వాన్స్ తీసుకునేటప్పుడే కాంట్రాక్టర్‌తో తేల్చుకోవాలి. ఆయన గొణుగుతాడు, గొణగనివ్వండి, కృష్ణుడు స్టేజి ఎక్కనంటే ఆ రాత్రికి ఆయన చేయగలిగేదేం లేదు.