కాఫీ మొక్కలు పీకేద్దాం రండి

ప్రపంచ కాఫీ మార్కెట్లో మనమెందుకు వెనకబడ్డామో తేల్చడానికి నేను రెండు రాత్రులు కూర్చుని, ఆరు గ్లాసుల ఫిల్టర్ కాఫీ తాగి, కారణం పట్టుకున్నాను. మనకు కాఫీ తోటలున్నాయి. లోపమంతా అక్కడే.

నమ్మకపోతే స్విట్జర్లాండ్‌ను చూడండి. అక్కడి కొండల మీద కాఫీ మొక్క బతకదు. అయినా చాక్లెట్టు కంటే, చీజు కంటే కాఫీ ఎగుమతి మీదే ఆ దేశానికి ఎక్కువ డబ్బొస్తుంది. పరాయి దేశాల గింజలు తెచ్చి, వేయించి, పొడి కొట్టి, అల్యూమినియం డబ్బీలో ఐదారు గ్రాములు పోసి మూత బిగించడమే వాళ్ల వ్యవసాయం. జర్మనీదీ అదే సేద్యం.

ఇక పండించినవాళ్ల సంగతి. లోకంలోని కాఫీలో మూడో వంతు దాకా పండించే బ్రెజిల్, 1930లలో ధర నిలబెట్టడానికి కోట్ల బస్తాలు తగలబెట్టుకుంది. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందంలోని ఎగుమతి కోటాలు కూలాక వియత్నాం రొబస్టా అనే కాఫీ రకంతో పదేళ్లలో రెండో స్థానానికి ఎగబాకింది. అందరూ చప్పట్లు కొట్టేలోపే, 2001కల్లా ధర పాతాళానికి పడింది. పందెం గెలిచిన రైతుల్లోనే కొందరు మొక్కలు నరికేశారు. నా సిద్ధాంతం వాళ్లకు నాకంటే ముందే తట్టిందన్నమాట. కాఫీ పుట్టిల్లు ఇథియోపియా అయితే, యిర్గచెఫె, సిదామో, హరార్ అనే తన ప్రాంతాల పేర్లు తనవేనని రాయించుకోవడానికి 2005లో అమెరికాలో అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. దానికీ అక్కడి కాఫీ వ్యాపారుల సంఘం అడ్డుపుల్ల వేసింది.

యూరప్ యూనియన్ ఈ విషయంలో దాపరికం లేని మనిషి. పచ్చి గింజ తెస్తే సుంకం సున్నా. వేయించి తెస్తే, మామూలు లెక్కన, 7.5 శాతం. ఇన్‌స్టంట్ పొడి చేసి తెస్తే 9. వడ్లు తెచ్చినవాడికి ఎదురుకోలు, అన్నం వండుకొచ్చినవాడికి గుమ్మం దగ్గర సుంకం చీటీ.

మన దగ్గరా నా సిద్ధాంతానికి సాక్ష్యముంది. దుగ్గిరాల. పసుపు మార్కెట్‌కు పేరుబడ్డ ఊరు, కాఫీ మొక్క కనబడదు. అక్కడి ఫ్యాక్టరీ బయటి గింజలు తెప్పించి, ఇన్‌స్టంట్ కాఫీ చేసి దేశదేశాలకు పంపుతుంది. మన స్విట్జర్లాండ్ గుంటూరు జిల్లాలోనే ఉండగా మనం అరకు కొండెక్కి వెతుకుతున్నాం.

నేనూ ఎక్కాను లెండి, పోయిన డిసెంబరులో. ఒకావిడ సిల్వర్ ఓక్ నీడలో ఎర్రటి పళ్లే ఏరి బుట్టలో వేస్తోంది. పక్కనున్న పచ్చికాయను వేలితో కూడా కదపడం లేదు.

“కొమ్మ మొత్తం దూసెయ్యొచ్చుగదమ్మా?” అన్నాను.

“పచ్చివి కలిస్తే రేటు రాదు బాబూ. పది రోజులాగి మళ్లీ వస్తాను.”

ఈ అరకు పేరుతో 2017 నుంచి పారిస్‌లో దుకాణముందనీ, 2019లో భౌగోళిక గుర్తింపూ వచ్చిందనీ చెప్పాను. తలూపి, ఇంటికి తీసుకెళ్లి టీ ఇచ్చింది. అప్పుడిక ఆగలేక నా పథకం విప్పాను: మొక్కలన్నీ పీకేస్తే మీరు జర్మనీ అయిపోతారని.

శ్రద్ధగా విన్నది.

“కాపీ మొక్కలు పీకితే పీకండి గానీ, ఆ పెద్ద చెట్ల జోలికి మాత్రం పోకండి బాబూ. వాటి మీద మిరియం పాదులున్నాయి.”